కోట కట్టు ఆటలో కవచముల ఎంపిక

కవచమన్నంతనే మనకు జ్ఞప్తికి వచ్చువాడు కర్ణుడు. ఆతనికి కవచము పుట్టుకతో వచ్చినది గావున ఎంచుకొనవలసిన పని లేకపోయినది. తక్కిన యోధులకు ఆ భాగ్యము లేదు. ఎవరో లోహమును త్రవ్వవలెను, ఎవరో కరగింపవలెను, ఎవరో రేకు సాగగొట్టవలెను. తుదకు ఎవరో ఒకరు కూర్చుండి ఏ భటునకు ఏ తొడుగు చెందవలెనో నిర్ణయింపవలెను. యుద్ధకథలలో ఈ కడపటివాని పేరు వినబడదు. ఐనను రణరంగమున ఎవడు బ్రదుకునో ఎవడు పడిపోవునో అందులో చాలభాగము ఆతని నిర్ణయము వలననే, యుద్ధమునకు ఎన్నో నెలల ముందే, తేలిపోవుచుండును. ఆ పనిని పూర్తిగా ఆటగాని చేతిలో పెట్టిన కంప్యూటరు ఆట యొకటి కలదు. దాని మూలమున కవచముల ఎంపికలోని ధర్మసూక్ష్మమును కొంత విచారింపవలెనని ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

ఆ ఆట పేరు డ్వార్ఫ్ ఫోర్ట్రెస్. మన మాటలో మరుగుజ్జుల కోట అనవచ్చును. అమెరికా దేశస్థులైన టార్న్ ఆడమ్స్, జాక్ ఆడమ్స్ అను సోదరులు దీని కర్తలు. 2002లో పని ప్రారంభించి 2006 ఆగస్టులో మొదటిసారిగా దీనిని ప్రజలకు అందించిరి. చాలకాలము ఇందులో బొమ్మలు లేవు. తెరమీది అక్షరములు, చిహ్నములే కొండలుగా, చెట్లుగా, ప్రాణులుగా నిలిచినవి. న్యూయార్కులోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ 2012లో తన సేకరణకై తొలివిడతగా ఎన్నుకొన్న 14 వీడియో ఆటలలో ఇది యొకటి. 2022 డిసెంబరులో బొమ్మలతో కూడిన రూపు వెలువడి, మరి యెందరికో పరిచయమైనది.

ఆట మొదట ఏడుగురు మరుగుజ్జులు ఒక బండితో కొండ చెంతకు వత్తురు. కొండను తొలిచి ఇండ్లు చేసికొందురు, పంటలు పండింతురు, కొలుములు పెట్టుదురు. వారి మాట విని మరికొందరు వలస వత్తురు. ప్రతివానికిని ఒక పేరు, ఒక స్వభావము, స్నేహితులు, బిడ్డలు ఉందురు. ఆటగాడు వీరిలో ఎవనిని చేయిపట్టి నడిపింపడు. ఉత్తరువులు మాత్రమే వ్రాసి పెట్టును. వాటిని వారు తమ వీలునుబట్టి నెరవేర్చుదురు. కొంతకాలమునకు గాబ్లిన్లను దుష్టజాతివారు కోటపై దండెత్తి వత్తురు. అప్పుడు చచ్చినవాడు మరల లేవడు. ఆతని ఆప్తులు దుఃఖింతురు. శవమును ఖననము చేయకయు, పేరు చెక్కిన రాతిపలకనైన నిలుపకయు ఉన్నచో దయ్యమై కోటలో తిరుగును. ఇట్టి లోకమున కవచమును ఎంచుట కాలక్షేపపు లెక్కగా తోచదు.

ఈ ఆటలోని దెబ్బల విధమును ముందు గ్రహింపవలెను. తక్కిన పెక్కు ఆటలలో దెబ్బ తగిలినచో ప్రాణముల అంకె కొంత తగ్గును. అంకె సున్న అగువరకు మనిషి మునుపటివలెనే పోరాడును. ఇక్కడ అట్లు కాదు. శరీరమును అంగములుగాను, ఒక్కొక్క అంగమును చర్మము, క్రొవ్వు, కండ, ఎముక అను పొరలుగాను విభజించిరి. కత్తి ఎంతలోతు దిగినదో, ఏ పొరను కోసినదో లెక్క కట్టబడును. కండ మానును; ఎముక అతుకును. నరము తెగినదా, అది మరల కూడదు. చేతి నరము తెగినవాడు బ్రదికియు కత్తి పట్టలేడు. కాలి నరము తెగినవాడు ఊతకఱ్ఱపై జీవితము గడపును. కావున కవచము చేయవలసిన పని ప్రాణము నిలుపుట మాత్రమే కాదు. మనిషిని మనిషిగా పనికి నిలుపుట.

మన పూర్వులును కవచమును ఒక్క వస్తువుగా చూడలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున ఆయుధాగారాధ్యక్షుని ప్రకరణములో శిరస్త్రాణము తలకు, కంఠత్రాణము మెడకు, కూర్పాసము మొండెమునకు, కంచుకము మోకాళ్ల వరకు, వారవాణము చీలమండల వరకు అని వేర్వేరుగ చెప్పబడినది. ఇనుముతోబాటు తోలు, గిట్టలు, కొమ్ములతో చేసినవియు అందు కలవు. మన ఆటలోని పట్టికయు ఇట్టిదే. తలకు శిరస్త్రాణము, రొమ్మునకు రేకు కవచము, మొండెమునకును, భుజములకును, తొడలకును కలిపి గొలుసు అంగీ, కాళ్లకు రేకు తొడుగులు, చేతులకు లోహపు చేతొడుగులు, పాదములకు లోహపు పాదరక్షలు, వీనికి తోడు డాలు.

ఇక ధర. ఈ ఆటలో ధర నాణెములతో కాక లోహపు కడ్డీలతో తేలును. శిరస్త్రాణమునకు ఒక కడ్డీ, చేతొడుగుల జతకు ఒకటి, పాదరక్షల జతకు ఒకటి, డాలునకు ఒకటి, గొలుసు అంగీకి రెండు, కాళ్ల రేకులకు రెండు, రొమ్ము రేకునకు మూడు. అన్నియు కూడి పదునొకండు కడ్డీలు. ఒక దళమున పదిమంది భటులుందురు గావున దళమంతటికి 110 కడ్డీలు కావలెను. క్రొత్తగా వెలసిన కోటలో ఇంత లోహము ఒక్కమారు దొరకుట దుర్లభము. ఎంపిక అను ప్రశ్న పుట్టునది ఇక్కడనే. అన్నియు సమృద్ధిగా ఉన్నచోట ఎంపిక లేదు.

లోహముల గుణములను చూతము. ఈ ఆటలో ప్రతి పదార్థమునకును సాంద్రత, కోతకు లొంగు బలము, విరుగు బలము మొదలగునవి అంకెలలో నిర్ణయింపబడి ఉన్నవి. వానిలో పెక్కు వాస్తవ లోహముల గుణములను అనుసరించినవే. ఘనమీటరు రాగి 8,930 కిలోగ్రాములు తూగును, కంచు 8,250, ఇనుము, ఉక్కు 7,850. దీనినిబట్టి రాగి కవచము బరువున మొదటిది, బలమున కడపటిది అని చెప్పవలెను. ఐనను బట్టలకంటె రాగి మేలు. కంచు, ఇనుము దాదాపు సమానములు. కోతకు లొంగుటలో కంచు ఒకింత మొండిది. తెగిపోవుటలో ఇనుము ఒకింత మొండిది. వీనిలో ఏది చేతనున్న దానిని వాడవలెనే గాని, కంచు ఉండగా ఇనుమునకై యుద్ధము వచ్చువరకు ఎదురుచూచుట తెలివి కాదు. ఉక్కు వీనిని మించినది. కోతకు లొంగు బలమున అది ఇనుమునకు రెండింతలకు పైగా నిలుచును. బరువు మాత్రము ఇనుమునకు సమానమే. వెండితో ఈ మరుగుజ్జులు ఆయుధములు చేయుదురు గాని కవచములు చేయరు. వెండి మిక్కిలి బరువైనది గావున యుద్ధపు సుత్తెకు అది ఎంతయు తగినది.

ఉక్కు మేలని తెలిసిన పిమ్మట అందరకు ఉక్కే తొడిగింపరాదా యని శ్రోతలు అడుగవచ్చును. ఉక్కు నేలలో దొరకదు. మొదట ఒక ఇనుప కడ్డీని, ద్రవకారి రాతిని, బొగ్గును కలిపి దుక్క ఇనుము చేయవలెను. ఆ దుక్క ఇనుమును మరియొక ఇనుప కడ్డీతోను, మరల ద్రవకారి రాతితోను, బొగ్గుతోను కలిపి కరగించినచో రెండు ఉక్కు కడ్డీలు వచ్చును. లెక్క చూడగా ఇనుము నష్టపోవుట లేదు. రెండు పోసిన రెండు వచ్చినవి. ఖర్చైనది బొగ్గు. ద్రవ్యములో కలియుటకు రెండు బొగ్గులు, కొలిమి మంటకు మరి రెండు. ఒక మానును కాల్చిన ఒక బొగ్గు కడ్డీ వచ్చును. ముప్పది ఉక్కు కడ్డీలు కావలెనన్నచో ఈ రెండు మెట్లకే అరువది మానులు పడవలెను. ఖనిజమును కరగించుటకు, కవచమును సాగగొట్టుటకు అగు బొగ్గు వేరు. రాతిబొగ్గు దొరకిన కొండయైన, కరగిన శిలల వేడి అందుకొన్న కొలిమియైన ఈ భారము తగ్గును. సున్నపురాయి, చలువరాయి, సుద్ద వంటి ద్రవకారి రాళ్లు ఆ కొండలో లేనిచో ఉక్కు ఆశ వర్తకుల బండ్లపైననే. శరత్కాలమున స్వదేశమునుండి వచ్చు వర్తకులతో ఫలానా కడ్డీలు వలయునని ముందు ఏడు చెప్పి పెట్టినచో మరుసటి ఏడు తెత్తురు.

ఉక్కు మాట వచ్చినప్పుడు తెలుగువారికి ఒక స్వంత జ్ఞాపకము లేకపోలేదు. నేటి తెలంగాణములోని కోనసముద్రము మొదలగు గ్రామములలో పూర్వము మూసలలో ఇనుమును మూసి కాచి ఉక్కు దీసెడివారు. ఆ ఉక్కు పారసీక దేశమువరకు ఎగుమతియై కత్తులుగా మారినది. ఆ పద్ధతి వేరు, ఈ ఆటలోని పద్ధతి వేరు. కాని రెండింటను ఒకటే నీతి: ఖనిజము చాలదు, అడవి కావలెను, మట్టి కావలెను, రాయి కావలెను, అన్నిటికంటె మించి చేయి తిరిగిన పనివాడు కావలెను. ఆటలో ఒకే ఉక్కుతో మందకొడి కమ్మరి చేసిన కవచమునకును, సిద్ధహస్తుడు చేసిన కవచమునకును నిలుపుదలలో భేదము కనబడును. కావున మంచి లోహము చేతికి రాకముందే కమ్మరికి రాగిపై చేయి సాధన చేయించుట వివేకము. చెడిపోయిన రాగి తొడుగులను మరల కరగించి కొంత లోహమును రాబట్టవచ్చును.

ఇప్పుడు అసలు ప్రశ్న. కోటలో పదిమంది భటులున్నారు; ముప్పది ఉక్కు కడ్డీలున్నవి; వేసవిలో గాబ్లిన్లు వచ్చెదరని అనుమానమున్నది. ఏమి చేయవలెను? మార్గములు రెండు. డాలును చెక్కతో సరిపెట్టినచో ఒక భటుని ఆపాదమస్తకము కప్పుటకు పది కడ్డీలు చాలును. ముప్పదింటితో మువ్వురు పూర్ణకవచులు తయారగుదురు. ఏడుగురు బట్టలతో నిలుతురు. లేదా పదిమందికిని శిరస్త్రాణము, గొలుసు అంగీ ఈయవచ్చును. తలకు ఒకటి, మొండెమునకు రెండు, మనిషికి మూడు. పదిమందికి సరిగా ముప్పది. లెక్క రెండు వైపులను ఒక్కటే. ఫలితము మాత్రము ఒక్కటి కాదు.

మొదటి మార్గము చూపునకు ఘనముగా నుండును. తళతళలాడు ముగ్గురు వీరులు దళమునకు అలంకారము. కాని యుద్ధమున జరుగునది ఆలోచింపుడు. పిలుపు వచ్చినంతనే పదిమందియు బయలుదేరుదురు. కవచము మోయువాడు మెల్లగా నడచును. ఏ బరువును లేనివాడు ముందు పరుగెత్తును. శత్రువును మొట్టమొదట తాకునది బట్టలవాడు! ఉక్కు ధరించిన ముగ్గురును చేరులోగా ఆ ఏడుగురిలో కొందరు నేలబడి ఉందురు. ఇది ఆటలో పలువురు అనుభవించిన విపత్తు. ఒకే దళములో ఒకరికి ఎక్కువ, ఒకరికి ఏమియు లేకుండ పంచుట వలన బలమైనవాని బలము వెనుకబడి, బలహీనుని బలహీనత ముందునకు వచ్చును. కావున మొదట పదిమందికిని తల, మొండెము కప్పవలెనని మా అభిప్రాయము. ముగ్గురినే సంపూర్ణముగా సాయుధులను చేయదలచినచో ఆ ముగ్గురిని వేరు దళముగా పంపవలెను. తక్కినవారిని గోడలోపల నిలుపవలెను. కప్పనివానిని కప్పినవానితో కలిపి పంపుట మాత్రము తగదు.

అందును తలకే అగ్రస్థానము. శిరస్త్రాణమునకు ఒక్క కడ్డీ చాలును. తలపై పడిన ఒక్క దెబ్బ మెదడును చేరినచో వైద్యునకు పని ఉండదు. ఒక్క కడ్డీతో ఇంత రక్షణ ఇచ్చు వస్తువు పట్టికలో వేరొకటి లేదు. పిమ్మట గొలుసు అంగీ. దీనికి రెండు కడ్డీలే అయినను మొండెమును, భుజములను, తొడలను కప్పును. రొమ్ము రేకు మూడు కడ్డీలు మ్రింగియు మొండెమునే కాచును. తరువాత చేతొడుగులు, పాదరక్షలు. చేయి పోయినచో ఆయుధము జారును. పాదము పోయినచో మనిషి కూలును. కూలినవానిపై శత్రువులు మూగుదురు. అటు పిమ్మట కాళ్ల రేకులు. రొమ్ము రేకును కడపట పెట్టుట కొందరకు వింతగా తోచవచ్చును. గొలుసు అంగీ ముందే ఉన్నది గావున రేకు దానిపై రెండవ కాపు అని తలంపవలెను.

ఉక్కు అందని అంగములను దిగంబరముగ వదలనక్కరలేదు. వధించిన పశువుల తోలుతో అంగీలు, చెప్పులు, తొడుగులు చేయవచ్చును. ఎముకతో శిరస్త్రాణములను, చేతొడుగులను చెక్కవచ్చును. ఇవి పదునైన ఇనుమునకు ఎక్కువసేపు నిలువవు గాని, గీతను గాయము కానీయక, గాయమును అంగచ్ఛేదము కానీయక కొంత ఆపును. సగము కప్పినను కప్పుటయే. మేలైనది దొరకువరకు ఏదియు ఈయకుండుట పరిపాలకులు చేయు తప్పులలో పెద్దది.

గొలుసు, రేకు ఈ రెండింటి భేదమును తెలిసికొనుట అవసరము. గొలుసు అంగీ కత్తి మొనను ఆపును, కోయనీయక మొద్దుబార్చును. కాని అది మెత్తగా వంగునది గావున సుత్తె, గద వంటి మొద్దు ఆయుధముల అదటును పూర్తిగా ఆపలేదు. క్రింద ఎముక నలుగును. రేకు వంగదు గావున ఆ అదటును పరచి తగ్గించును. అందుచేతనే రెండును కలిపి ధరించుట ఉత్తమము: లోపల గొలుసు, పైన రేకు.  శత్రువు చేతిలోని ఆయుధమునుబట్టి కూడ విలువ మారును. గాబ్లిన్ల చేతి కొరడాను చులకనగా చూచువారు కలరు. సన్నని కొన అమితవేగమున వచ్చి తాకుట వలన అది ఈ ఆటలో కవచము క్రింది ఎముకను సైతము విరుచును. మరియొక భయము కలదు. మనిషియు మృగమును కలిసిన కొన్ని ప్రాణులు పున్నమికి రూపు మార్చి కోటలో జొరబడును. వాని కాటు చర్మమును చీల్చినచో కరవబడినవాడును ఆ జాతివాడగును. మరుసటి పున్నమికి తన బిడ్డల నడుమ మృగమై లేచును. ఆ కాటును చర్మము చేరనీయని ఉక్కు గొలుసు ఒక్క భటుని కాదు, కోటనంతటిని కాచినట్లు.

బరువు మాటను విస్మరింపరాదు. పదునైదవ శతాబ్దపు ఐరోపా యోధుని పూర్తి రేకు కవచము సుమారు ఇరువదినుండి ఇరువదియైదు కిలోగ్రాములు తూగెడిదని చెప్పుదురు. అది ఒంటినిండ పంచబడినందున అలవాటుపడినవాడు అందులో పరుగెత్తగలిగెడివాడు; అలవాటు లేనివాడు ఆయాసపడెడివాడు. ఆటలోను అట్లే. కవచధారణమను విద్య యొకటి కలదు. అది పెరిగినకొలది బరువు బాధ తగ్గును. నిన్నటివరకు జున్ను చేసినవానిని నేడు పిలిచి ఉక్కులో బిగించి పంపినచో ఆతడు అడుగు తీసి అడుగు వేయలేడు, అలసి కూలబడును. కావున కవచమును యుద్ధమునాడు పంచిపెట్టుట కాదు. దొరకిన దినముననే తొడిగించి, నెలల తరబడి కసరత్తుశాలలో దానితోనే మెలగనీయవలెను. గోడ వెనుక నిలిచి బాణములు వేయువానికి మొదట తేలికైన తోలు తొడుగును ఈయవచ్చును; గోడ ఆతనికి సగము కవచము.

డాలు విషయమున మాత్రము పొదుపు చేయవచ్చును. దెబ్బకు అడ్డుపడుటలో డాలు పదార్థముకంటె పట్టువాని నేర్పు ముఖ్యము. చెక్క డాలు తేలిక; ఒక్క కడ్డీయైన అడుగదు. అగ్నిని గ్రక్కు డ్రాగన్ల ఎదుట సైతము, ఎంత గొప్ప కవచమునకంటెను సమయమునకు ఎత్తిన డాలే ప్రాణము నిలిపినదని ఆటగాండ్ర అనుభవము. డాలునకు పోవలసిన పది కడ్డీలను పది శిరస్త్రాణములుగా మార్చుటలో నష్టము లేదు.

ఎంత ఆలోచించి చేసినను, ఉత్తరువు సరిగా వ్రాయనిచో ఫలము దక్కదు. ఈ ఆటలో యూనిఫారమను పట్టిక యొకటి కలదు. ఏ అంగమునకు ఏ వస్తువు, ఏ లోహము, బట్టలమీద తొడుగవలెనా బట్టలను మార్చి తొడుగవలెనా అను విషయములు అందు వ్రాయవలెను. శిరస్త్రాణమని మాత్రమే వ్రాసి లోహము చెప్పకున్నచో, ఉక్కు శిరస్త్రాణము కొట్టులో ఉండగా భటుడు తోలుటోపీతో నిలిచిపోవచ్చును. గని త్రవ్వువానిని, చెట్లు కొట్టువానిని, వేటగానిని భటులుగా చేర్చునప్పుడు వారి వృత్తివేషమునకును యుద్ధవేషమునకును పొత్తు కుదరదు. పలుగు వదలక కత్తి పట్టక నిలిచిపోదురు. వారి పాత వృత్తిని ముందు మాన్పింపవలెను. గెలిచిన యుద్ధమున గాబ్లిన్లు విడిచిన ఇనుప తొడుగులు మరుగుజ్జుల కొలతకు సరిపోవును గావున వాడుకొనవచ్చును. మనుష్యజాతి కవచములు వారికి పెద్దవై పనికి రావు. వానిని కరగించుటయే దారి.

కడపట ఒక్క లోహమును గూర్చి చెప్పవలెను. అడమంటైన్ అను కల్పితలోహము ఈ కొండల అడుగున ఉండును. ఘనమీటరు 200 కిలోగ్రాములే, నీటిపై తేలును. దాని కవచము ఒంటిపై ఉన్నట్లే తోచదు. పదునైన ఆయుధములలో దానిని కోయగలది అరుదు. కర్ణుని సహజకవచము వంటిదనవచ్చును. కాని దాని స్తంభములను అత్యాశతో తుదిదాక త్రవ్వినచో క్రింద పాతాళము తెరచుకొని, అందలి పిశాచములు పైకి వచ్చి కోటనంతటిని నాశనము చేయును. భటులను రక్షించు లోహమునకై వెళ్లి రక్షింపవలసినవారినందరిని పోగొట్టుకొన్న కోటలు పెక్కు. ఈ ఆటకు ఓడుటయే వినోదమను నానుడి యొకటి ప్రచారమున ఉన్నది. ఆ నానుడి పుట్టుకలో ఈ లోహమునకు తగిన పాలు ఉండునని మేము తలంతుము.

ఇంతవరకు చెప్పినదానిని సంగ్రహించిన ఇట్లుండును. చేతనున్న లోహముతోనే మొదలుపెట్టవలెను. ఒక్క దళములోనివారిని ఒక్క తీరున కప్పవలెను. తల మొదట, మొండెము పిమ్మట, చేతులును కాళ్లును తరువాత. లోపల గొలుసు, పైన రేకు. డాలు చెక్కతో చాలును. కవచమును ముందుగ ఇచ్చి అలవాటు చేయవలెను. ఉత్తరువును స్పష్టముగ వ్రాయవలెను. ఉక్కు కూడిన కొలది తక్కువ లోహపు తొడుగులను ఒక్కటొక్కటిగ మార్చుచు పోవలెను.

ఇది ఆటయే, కూలినవారు తెరమీది చిహ్నములే. ఐనను రాతిపలకపై వారి పేర్లు చెక్కింపవలసి వచ్చినప్పుడు, ఏ కడ్డీ ఎవరికిచ్చితిమో, ఎవరికి ఈయలేదో ఆటగానికి తప్పక జ్ఞప్తికి వచ్చును. సైన్యములను, వైద్యశాలలను, గనులను నడుపువారికి నిజజీవితమున ఎదురగు ప్రశ్నయు ఇదియే. ఉన్నది కొంచెము, కావలసినవారు పెక్కురు. కొందరిని సంపూర్ణముగ కాపాడుటయా, అందరిని కొంత కాపాడుటయా? ఒక్కొక్క చోట ఒక్కొక్క సమాధానము తగును. కాని ఆ సమాధానము యుద్ధభేరి మ్రోగిన పిమ్మట వెదకునది కాదు. కొట్టులో కడ్డీలు లెక్కపెట్టుచున్నపుడే, ప్రతి కడ్డీ ప్రక్కను ఒక మనిషి పేరు వ్రాసికొని తేల్చుకొనవలసినది.